నికాన్ డి700 కెమెరాని వదలబుద్ధి కావట్లేదు. మార్చాలా, వద్దా?

#1 గోదారి_గట్టు (కొవ్వూరు)

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ నేను రాసింది తక్కువ. ఈసారి నా గోల కాస్త వినండి.

నా దగ్గరున్నది నికాన్ డి700. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. లెన్సులు మూడు: 50 ఎంఎం ఎఫ్/1.8డి, ఒక 24-85, 80-200 ఎఫ్/2.8డి. తీర్థాలు, జాతరలు, చుట్టాల పిల్లలు, చలికాలం ఆదివారాలు కొల్లేరు పక్కన ఆటపాక వెళ్లి గూడబాతులు. ఇదీ నా వ్యవహారం. ఫొటోల మీద రూపాయి రాబడి లేదు, అంతా పోబడే.

మా వాట్సాప్ గ్రూపులో నేను తప్ప అందరూ మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకి) వెళ్లిపోయారు. బ్యాగులోంచి కెమెరా తీస్తే చాలు, "ఇంకా ఇదేనా మాస్టారూ, మ్యూజియానికి ఇచ్చేయండి" అంటారు. 2008లో వచ్చిన బాడీ, 12 మెగాపిక్సెళ్లు, వీడియో లేదు, కార్డు ఒక్కటే. ఇవన్నీ నాకూ తెలుసు. కానీ షాపుకెళ్లి కొత్తవి పట్టుకుంటే మనసొప్పట్లేదు. దీంట్లో కన్ను వ్యూఫైండర్ మీంచి తియ్యకుండా ఎడమచేత్తో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో సెన్సార్ సున్నితం పెంచేది) బటన్ నొక్కి, బొటనవేలితో చక్రం తిప్పేస్తాను. కరెంటు పోయినా పని ఆగదు. ఫోకస్ పట్టే ఏఎఫ్-ఆన్ బటన్ మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. గ్రిప్పు రబ్బరు ఒక మూల లేస్తోంది. అయినా చేతికి ఇదే అలవాటు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. "ఈలోపు కొత్తది కొనుక్కో, అప్పుడు ఆగిపోతే ఏడవకు" అని మా ఆవిడే అంటోంది. మార్చకపోతే నేను నిజంగా పోగొట్టుకునేది ఏంటి? మొహమాటం లేకుండా చెప్పండి.

#2 స్టూడియో_తెనాలి

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా గురువుగారూ. నేను పెళ్లిళ్లు తీసి బతికేవాణ్ణి. డి700 నేనూ వాడాను. ఆ షట్టర్ శబ్దం ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ ఈఎంఐ శబ్దం అంతకంటే గట్టిగా వినిపిస్తుంది.

అర్ధరాత్రి ముహూర్తం. జీలకర్ర-బెల్లం పెట్టగానే తెర దించుతారు. ముందు వరసలో మేనమామలంతా ఫోన్లు పట్టుకుని లేచి నిలబడతారు. ఆ సందులోంచి పెళ్లికూతురి కన్ను మీద ఫోకస్ దొరకాలి. ఇప్పటి కెమెరా కన్నుని తనే వెతుక్కుని పట్టుకుంటుంది, వీణ్ణి తోసుకుని వాడొచ్చినా వదలదు. డి700లో 51 ఫోకస్ పాయింట్లున్నా అన్నీ ఫ్రేమ్ మధ్యలోనే, వాటిని మనమే జరుపుకోవాలి. ఇక ఒక్క కార్డుతో పెళ్లికి వెళ్లడం నావల్ల కాదు. కార్డు చెడిపోతే మంగళసూత్రం మళ్లీ కట్టించలేం కదా.

ఆల్బమ్ లెక్క కూడా చూడండి. ఇప్పుడందరూ 12×36 షీట్లే అడుగుతున్నారు. డి700 ఫైలు వెడల్పు 4256 పిక్సెళ్లు. ఆ షీటు నిండా ఒకే బొమ్మ పరిస్తే అంగుళానికి 118 పిక్సెళ్లు వస్తాయి. అదీ పైనా కిందా కోసేశాక. దూరం నుంచి బాగానే ఉంటుంది గానీ, ఆల్బమ్‌ని మనవాళ్లు ఒళ్లో పెట్టుకుని నగలు లెక్కపెడతారు సార్!

మీకు ఈ గొడవల్లేవు. కాబట్టి మీ ఇష్టం. డబ్బు తీసుకుని తీసేవాడు మాత్రం ప్రేమ కోసం పాతది పట్టుకుని కూర్చోకూడదు, నా మాట ఇంతే.

#3 సెల్ఫీ_రాజు

ఫోన్ ఉందిగా బాస్. కథ కంచికి.

#4 పాలమూరు_పోరడు

ఏందన్నా, డి700నే మ్యూజియంల పెట్టుమంటే నా డి40 మొఖం ఏడ పెట్టుకోవాలె? 6 మెగాపిక్సెళ్లు, 2006 మాడల్. జుమ్మెరాత్ బజార్‌ల ఒక పెద్దాయన దగ్గర దొరికింది. కాలేజీల దోస్తులు నవ్వుతరు, మళ్ల బతుకమ్మ ఫొటోలు పెట్టంగనే "జర నాది గూడ పంపరా" అంటరు.

సీసీడీ సెన్సార్ రంగు వేరే అన్నా. తంగేడు పూల పసుపు దీంట్ల వచ్చినట్లు మా అన్న కొత్త కెమెరల రాదు. డి700ల గూడ అదే మ్యాజిక్ ఉన్నదంటరు గదా. అసలు అమ్మకు.

#5 డల్లాస్_డార్క్‌రూమ్

తమ్ముడూ, అభిమానం మంచిదే గానీ డి700లో ఉన్నది సీసీడీ కాదు, సీమాస్ అనే వేరే రకం సెన్సార్. 2007లో వచ్చిన డి3 సెన్సారే దీంట్లో పెట్టారు. రంగు అనేది చాలావరకు కెమెరా లోపల జేపెగ్ వండే తీరు, మనం రా ఫైలుకి (సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచిన, ఇంకా వండని ఫైలు) ఎంచుకునే ప్రొఫైల్, వైట్ బ్యాలెన్స్. మీ అన్న కెమెరాలో రా తీసి పసుపుని కాస్త జరిపితే తంగేడు అక్కడా పూస్తుంది.

నీ డి40లో నిజమైన గొప్ప వేరే ఉంది. ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అత్యధిక షట్టర్ వేగం) 1/500. ఆ సీసీడీ సెన్సారే ఎలక్ట్రానిక్‌గా వెలుగుని తెరిచి మూస్తుంది కాబట్టి అది కుదిరింది. డి700లో మామూలు సింక్ 1/250 దాకానే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకాశాన్ని నల్లబరిచి మొహం మీద ఫ్లాష్ కొట్టాలంటే నీ ఆరు మెగాపిక్సెళ్ల డబ్బాయే నయం. దాన్ని వాడుకో, మ్యాజిక్ సంగతి వదిలేయ్.

గట్టు గారూ, ఇక మీ సంగతి. అందరూ బాడీ ధర గురించే మాట్లాడతారు, లెన్సుల సంగతి చెప్పరు. మీ 50, 80-200 రెండూ "డి" రకం. లోపల మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారు చిన్న మర ద్వారా వాటిని తిప్పుతుంది. నికాన్ జెడ్ మిర్రర్‌లెస్ కొని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలిస్తే లెన్సు ఎక్కుతుంది, ఫొటో పడుతుంది, ఆటోఫోకస్ మాత్రం ఉండదు. ఆ అడాప్టర్‌లో మోటారు లేదు. రెండోసారి తెచ్చిన ఎఫ్‌టీజెడ్-2లోనూ పెట్టలేదు. అంటే మీరు మారేది ఒక్క బాడీ కాదు, సంసారం మొత్తం.

#6 పాలమూరు_పోరడు

అర్థమైందన్నా. 1/500 సంగతి తెల్వనే తెల్వదు. రేపే ఎండల జూస్త.

#7 ఇందూ_రోలు (గుంటూరు)

నాకు డెబ్బై దాటాయి. మీరంతా పాతది అంటున్నది నాకు నిన్న మొన్నటిది, కాబట్టి నా మాట కాస్త పక్కన పెట్టి వినండి.

నా కెమెరా నికాన్ ఎఫ్ఎం2. 1982లో వచ్చిన మాడలు. లోపలి చిన్న బ్యాటరీలు మీటరుకి మాత్రమే, అవి చచ్చినా షట్టరు 1/4000 దాకా తన పని తను చేసుకుపోతుంది. మా రోజుల్లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వాళ్ల ఇందూ ఫిలిం వాడేవాళ్లం. చేతిలో డబ్బులాడినప్పుడు కొడాక్ ట్రై-ఎక్స్. అప్పట్లో మంచి ఫిలిం ఏది మార్కెట్లోకి వస్తే నా కెమెరా ఆ రోజే బాగుపడేది. బాడీ మార్చాల్సిన పని ఉండేది కాదు. లెన్సు నాదే, డబ్బా నాదే, లోపల రోలు మాత్రం కొత్తది.

డిజిటల్‌లో ఆ సుఖం పోయింది. సెన్సార్ అంటే ఫిలింని బాడీకి అతికించేయడమే. ఫిలిం పాతబడితే కెమెరా మొత్తాన్ని పారెయ్యమంటారు. అందుకే ఈ అప్‌గ్రేడ్ అనే జబ్బు మా తరానికి ఇంత ముదరలేదు. ఆశ మాకూ తక్కువేం కాదు లెండి, అవసరమే పడేది కాదు.

#8 డల్లాస్_డార్క్‌రూమ్

సార్, మీ మాటకి ఒక చిన్న సవరణ, కోప్పడకండి. ఫిలిం అతికిపోయింది నిజమే గానీ కడిగే మందు అతుక్కుపోలేదు. రా ఫైలు దాచుకున్నవాడికి డార్క్‌రూమ్ ఏటా కొత్తదవుతోంది. అడోబీ వాళ్లు 2023లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌కి ఏఐ డీనాయిస్ (రేణువులు తుడిచే పనిముట్టు) తెచ్చారు. పదేళ్ల కిందటి రా ఫైలుని అందులో పెట్టినా తీసుకుంటుంది. కెమెరా అదే, ఫైలు అదే, బొమ్మ మాత్రం అప్పటికంటే శుభ్రంగా వస్తుంది. జేపెగ్ మాత్రమే తీసి రా పారేసినవాళ్లకి ఈ వరం లేదు.

గట్టు గారు 2015 పుష్కరాలు దీంతోనే తీసి ఉంటే, ఒక్క ఫైలు మళ్లీ కడిగి చూడమనండి.

#9 గోదారి_గట్టు

తీశాను, రా ఫైళ్లూ ఉన్నాయి. నిన్న రాత్రి కూర్చుని చూశాను.

మా గోష్పాద క్షేత్రంలో చీకటి పడ్డాక హారతి. ఐఎస్ఓ 6400, 80-200తో ఎఫ్/2.8లో తీసింది. అప్పట్లో 12×18 ప్రింటు వేయించి ముందుగదిలో పెట్టాం. పంతులుగారి వెనక మెట్టు మీద ఒక పెద్దావిడ చేతులు జోడించి ఉంటుంది. ఆ ప్రింటులో ఆవిడ చీర నలుపు నిండా ఎర్రవీ ఆకుపచ్చవీ రేణువులు. అంచు ఎక్కడుందో తెలీదు. నిన్న డీనాయిస్ చేస్తే సన్నటి జరీ గీత బయటపడింది. భుజం మీంచి మోచేతి దాకా మడత తిరిగిన చోట గీత కూడా తిరిగింది. దీపం వెలుగు ఆవిడ కళ్లజోడులో ఒక వైపే పడింది, అదీ ఇప్పుడే చూశాను. కొన్నిచోట్ల చర్మం మరీ నున్నగా అయిపోతోంది. బలం తగ్గిస్తే సరిపోయింది.

ప్రింటు లెక్క కూడా వేశాను తెనాలి గారూ. నేను వేయించేది 12×18 దాకానే. 2832 పిక్సెళ్లని 12 అంగుళాలకి పంచితే అంగుళానికి 236. నా గోడకి అది చాలు.

మరి పుష్కరాల వరకూ దీనికి ఏం ఢోకా లేనట్టేనా?

#10 కోఠి_రిపేర్లు

ఆగండి సార్, అంత తొందరగా సంబరం వద్దు. నా బల్ల మీదికి వచ్చే కేసులు చూసి చెప్తున్న. డిజిటల్ కెమెరా ఫొటో బాగాలేక పోదు. బ్యాటరీ, కార్డు, షట్టరు, విడిభాగాలు. ఈ నాలుగింటిలో ఒకటి దొరకక పోతది. నెమ్మదిగా చెప్త, రాసుకోండి.

మీది ఈఎన్-ఈఎల్3ఈ బ్యాటరీ. డి80, డి90, డి200, డి300, డి700 అన్నిటికీ అదే. ఇప్పుడు మార్కెట్ల తిరిగేవాటిలో చాలావరకు నకిలీలే. మీ సెటప్ మెనూలో బ్యాటరీ ఇన్ఫో అని ఉంటది, తెరవండి. కింద 0 నుంచి 4 దాకా వయసు గీత ఉంటది. 0 అంటే కొత్తది, 4 అంటే పని అయిపోయింది. చాలామంది ఆ పేజీ చూడనే చూడరు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం బలవంతంగా లోపలికి తొయ్యకండి, తర్వాత బయటికి తియ్యడానికి నా దగ్గరికి రావాలె.

కార్డు సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్). లోపల సన్నటి పిన్నులు 50 ఉంటయి. కార్డు కొంచెం వంకరగా పెట్టి గుచ్చితే ఒకటి వంగుతది, ఇగ మొత్తం పడుకుంటది. అందుకే నేను చెప్పేది, పెద్ద కార్డు ఒకటి లోపలనే ఉంచి కేబుల్‌తో కంప్యూటర్‌కి దించుకోండి. తీసుడు పెట్టుడు ఎంత తగ్గితే పిన్నులకు అంత ఆయుష్షు.

షట్టరు 1,50,000 సార్ల మీద పరీక్ష చేసిందని కంపెనీ లెక్క. దాటంగనే ఆగుతదని కాదు, దానికి ముందు ఆగదనీ కాదు. మీ కౌంటు, అంటే షట్టరు ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో, మెనూలో కనబడదు, తాజా ఫొటో ఎగ్జిఫ్‌లో (ఫైలు లోపల దాగిన వివరాలు) చూడాలె. ఎంతున్నదో పెట్టండి.

రబ్బరు సంగతి: మన ఎండకు, చెమటకు, ఏ కంపెనీదైనా కొన్నేండ్లకు సాగి లేస్తది. ఫెవీక్విక్ లాంటివి అస్సలు వద్దు. ఆవిరి తెల్లగా పొరలాగ పట్టుకుంటది, తర్వాత ఊడబెరకలేం. రబ్బరు పూర్తిగా తీసి, పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పల్చటి డబుల్ టేప్‌తో అతికిస్తే చాలు.

#11 రాయలసీమ_రా (కర్నూలు)

నాది కెనాన్ 5డి, 2005ది, మొట్టమొదటిది. అద్దం ఊడిపోతాదని దానికి పేరుండాది. జిగురు వదిలి అద్దం పడిపోవడం చాలామందికి జరిగినాక కెనానే ఉచితంగా బిగించి ఇచ్చింది. నాది బిగించిందే. దుమ్ము దులుపుకునే ఏర్పాటు దానికి లేదు. ఎండాకాలం మా ఊళ్లో బయటికి తీస్తే ఎఫ్/16లో ఆకాశమంతా మచ్చలే. బ్లోయర్ జేబులో పెట్టుకుని తిరగతా. అయినా అమ్మను. అమ్మితే ఎంతొస్తాదప్పా? రెండు బిర్యానీ పార్టీలు!

#12 ఉప్పుగాలి_వైజాగ్

బాడీ గురించే అందరూ. లెన్సుల మీద ఎవరికీ దిగుల్లేదా? గోదావరి పక్కన ఉన్నారు కాబట్టి మీదీ మా కష్టమే. 80-200 వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. అంచుల్లో సన్నటి దారాల్లాంటివి పాకి ఉంటే ఫంగస్. మొదట్లో తుడిస్తే పోతుంది, ముదిరితే గాజు మీది కోటింగ్‌నే తినేస్తుంది.

తోలు కేసులో, బ్యాగులో దాచకండి, అవి చెమ్మ పీలుస్తాయి. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గట్టి మూత డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న హైగ్రోమీటరు. 40-50 శాతం దగ్గర ఉంచండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే వేయించి మళ్లీ వేసుకోవచ్చు. మరీ ఎండబెట్టినా మంచిది కాదు, లోపలి గ్రీజు గట్టిపడుతుంది. అన్నిటికంటే, వారానికోసారి తీసి వాడండి. బీరువాలో భద్రంగా దాచినవాళ్ల లెన్సులకే ఎక్కువ పడుతుంది.

#13 నిర్వాహకుడు

మధ్యలో ఎవరో "డి850 అమ్మకానికి" అని పోస్టు పెట్టారు. తీసేశాను. అమ్మకాల విభాగం పక్కనే ఉంది.

#14 గోదారి_గట్టు

కోఠి గారూ, కౌంటు 96 వేల చిల్లర చూపిస్తోంది. బ్యాటరీలు రెండు, ఒకటి 1, ఒకటి 3. లెన్సుల్లో ఫంగస్ లేదు, దేవుడి దయ.

ఒక్కటి మిగిలిపోయింది. తీర్థాలకీ పుష్కరాలకీ నాకు లోటు లేదని తేలింది. ఆటపాకలో మాత్రం ఉంది. 200 ఎంఎంతో గూడబాతు ఫ్రేములో గోరంత. కోసి పెద్దది చేస్తే ఏమీ మిగలట్లేదు. అది వాలేటప్పుడు వరసగా కొట్టినా సెకనుకి అయిదే.

#15 డల్లాస్_డార్క్‌రూమ్

సెకనుకి అయిదు సంగతి సులువు. ఎంబీ-డి10 గ్రిప్పు వెతకండి, అందులో ఎనిమిది పెన్‌టార్చి సెల్స్ వేస్తే డి700 సెకనుకి ఎనిమిది కొడుతుంది. మామూలు ఈఎన్-ఈఎల్3ఈ వేస్తే అయిదే, అది గుర్తుంచుకోండి. బరువు మాత్రం మీ భుజం మీదే.

గోరంత పక్షికి గ్రిప్పు పనిచెయ్యదు. అక్కడ డి700 ఓడిపోయింది, ఒప్పుకోవాలి. కానీ దానికి జవాబు మిర్రర్‌లెస్ ఒక్కటే కాదు. వాడిన డి500 చూడండి. 2016ది. బాడీలో మోటారుంది కాబట్టి మీ 80-200 ఆటోఫోకస్‌తోనే పనిచేస్తుంది. సెకనుకి పది.

లెక్క ఇదీ. డి700లో డీఎక్స్ క్రాప్ (సెన్సార్ మధ్యలోని చిన్న ముక్క మాత్రమే వాడటం) పెడితే వెడల్పు 2784 పిక్సెళ్లు. డి500ది ఆ ముక్క సైజు సెన్సారే, వెడల్పు 5568. సరిగ్గా రెట్టింపు. అదే లెన్సు, అదే దూరం, అదే పక్షి. పొడవులో రెండింతలు, మొత్తమ్మీద నాలుగింతల పిక్సెళ్లు దాని మీద పడతాయి.

#16 ఇందూ_రోలు

ఇదీ మాట. ఎందుకు మారుస్తున్నామో తెలిసి మార్చడం వేరు, గ్రూపులో నవ్వుతున్నారని మార్చడం వేరు. పక్షుల కోసం ఒకటి తెచ్చుకో నాయనా, రెండోది ఇంట్లో ఉంటుంది.

#17 స్టూడియో_తెనాలి

నేనూ డి500కే ఓటు. అయితే వాడినవాటిలో ఎక్కువ స్పోర్ట్స్, పక్షుల వాళ్ల దగ్గర నుంచి వచ్చినవే, కౌంటు తడిసి మోపెడు ఉంటుంది. దాని షట్టరు పరీక్ష 2,00,000. లక్ష దాటిందైతే గట్టిగా బేరమాడండి. కార్డుల్లో ఒకటి ఎస్‌డీ, ఇంకోటి ఎక్స్‌క్యూడీ. ఎక్స్‌క్యూడీ ఖరీదు చూసి గుండె పట్టుకోకండి, ఎస్‌డీ ఒక్కదాంతోనూ నడుస్తుంది. బ్యాటరీ మీ పాతవి పనికిరావు, అది ఈఎన్-ఈఎల్15. కొనేముందు మీ 80-200 పట్టుకెళ్లి తగిలించి, దగ్గరిదీ దూరందీ ఫోకస్ చేసి చూడండి. మోటారు చప్పుడు ఎక్కడైనా తడబడితే వదిలేయండి.

మ్యూజియం అన్నవాళ్లకి ఆ హారతి ఫొటో పంపండి సార్. ఏ కెమెరా అని మాత్రం ముందే చెప్పకండి.

#18 గోదారి_గట్టు

పంపాను. "కొత్తది ఎప్పుడు కొన్నారు?" అని ఒకాయన అడిగాడు. ఇంకా జవాబివ్వలేదు, ఇవ్వను కూడా.

డి500 ఈ చలికాలం లోపు చూస్తాను. మా ఆవిడకి "కొత్తది కొన్నాను" అనే చెప్తాను. డి700 మాత్రం పుష్కరాలకి నాతో వస్తుంది. కోఠి గారూ, రబ్బరు నేను చేస్తే వంకర వచ్చేలా ఉంది. కొరియర్‌లో పంపితే చేసిపెడతారా?

#19 కోఠి_రిపేర్లు

పంపండి. లెన్సు, కార్డు, బ్యాటరీ మూడూ తీసేసి బాడీ ఒక్కటే. ముందు బాడీ క్యాప్ పెట్టుడు మర్చిపోకండి, థర్మకోల్ పొడి లోపలికి పోతే అద్దం తుడిచే పని ఇంకోటి పెరుగుతది. బబుల్ షీట్ రెండు చుట్లు. సీరియల్ నంబర్ ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. వయసు ఎక్కువున్న బ్యాటరీ, ఆ 3ది, ఇక పుష్కరాలకు తేవద్దు. ఒరిజినల్ ఒకటి ఎక్కడన్నా కనబడితే మీకోసం పట్టి పెడత.